కొన కలవని నక్షత్రం: బోయిన్‌పల్లిలో ఒక హోమ్‌స్కూల్ కుటుంబం, 2024 డిసెంబర్ నెల కేస్ స్టడీ

కుటుంబం, సమస్య

బోయిన్‌పల్లిలో రెండో అంతస్తు ఫ్లాట్. అమ్మ, నాన్న, నాయనమ్మ, ఇద్దరు పిల్లలు. పాపకు పన్నెండేళ్లు, బాబుకు ఎనిమిది. ఇద్దరూ రెండేళ్లుగా ఇంట్లోనే చదువుకుంటున్నారు. పాపకు పద్నాలుగు నిండాక జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి స్థాయి పరీక్షలు రాయించాలని పెద్దవాళ్ల ఆలోచన. చదువు చెప్పేది అమ్మ. నాన్నది షిఫ్టు డ్యూటీ కాబట్టి వారంలో రెండు మూడు సాయంత్రాలే ఇంట్లో ఉంటాడు.

వాళ్లు తెచ్చిన సమస్య ఒక్కటే: డిసెంబర్ వస్తే క్రిస్మస్ హడావిడిలో చదువు ఆగిపోతోంది. 2023లో అమ్మ 24 వర్క్‌షీట్లు ప్రింటు తీయించింది. శాంటా టోపీలు లెక్కపెట్టడం, చెట్టు బొమ్మకు రంగులు వేయడం, గంటల బొమ్మల మీద గుణకారాలు. మరోపక్క ఇంటి అలంకరణకు కావాల్సినవన్నీ బజారు నుంచి తయారుగా తెచ్చి తగిలించారు. పదో తేదీకల్లా వర్క్‌షీట్లు మూలన పడ్డాయి. జనవరిలో మళ్లీ గాడిలో పడటానికి రెండు వారాలు పట్టింది.

ఆ షీట్లన్నీ ముందేసుకుని చూస్తే కారణం అర్థమైంది. టోపీలు తొమ్మిదని రాసినా పదకొండని రాసినా ఇంట్లో ఏదీ ఆగదు. ఆ లెక్కతో ఎవరికీ పని లేదు, పిల్లలకు అది వెంటనే తెలిసిపోతుంది. అసలు కొలతలు, లెక్కలు ఉన్న పని మాత్రం బజారులో ఎవరో చేసి పెట్టేశారు. అంటే పాఠం ఉన్న పనిని కొనుక్కుని, పాఠం లేని కాగితాన్ని పిల్లలకు ఇచ్చారు.

అందుకే 2024లో వర్క్‌షీట్లు పూర్తిగా తీసేసి నాలుగు పనులు పెట్టుకున్నారు: నక్షత్రం, దీపాలు, యేసు పుట్టిన పశువుల పాక నమూనా, జమాఖర్చు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పదకొండు వరకు మామూలు లెక్కలు, తెలుగు చదవడం ఎప్పటిలాగే. సాయంత్రం నాలుగు నుంచి ఆరు వరకు చేతిపని. పనుల ఎంపికకు నియమం ఒక్కటే. కొలత తప్పితే ఆ తప్పు వస్తువులోనే కనబడాలి, పెద్దవాళ్లు ఎర్ర పెన్నుతో చూపించాల్సిన అవసరం రాకూడదు. ఆ ఏడాది ఆగమన కాలం, అంటే క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు కాలం, సరిగ్గా డిసెంబర్ 1 ఆదివారంతో మొదలైంది కాబట్టి నాలుగు ఆదివారాలకు నాలుగు మజిలీలు సులువుగా కుదిరాయి.

నక్షత్రం

నెలలో సగం సమయం దీనికే పోయింది. పోవాల్సిందే కూడా. ఇంటిముందు నక్షత్రం కట్టడాన్ని అలంకరణ అనుకుంటాం గానీ, క్రైస్తవ లోకంలో బాగా పేరున్న మొరావియన్ నక్షత్రం పుట్టిందే లెక్కల పాఠంలో. 1830ల్లో జర్మనీలోని నీస్కీలో మొరావియన్లు అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్ల బడిలో పిల్లలకు జ్యామితి నేర్పడానికి దాన్ని చేయించారు. అడుగు చతురస్రంగా ఉన్న కొనలు 17, త్రిభుజంగా ఉన్నవి 8, వేలాడదీయడానికి వదిలిన ఒక ముఖం కలిపి 26. అది మొదటి ఏడాదికి బరువైన పని. మన వీధుల్లో కనిపించే ఐదు కొనల వెదురు నక్షత్రం చాలు, అందులోనూ కావాల్సినంత జ్యామితి ఉంది.

సామాను: 60 సెంటీమీటర్ల వెదురు బద్దలు 10, ముందు చట్రానికి 5, వెనక చట్రానికి 5. రెండు చట్రాల మధ్య నిలబెట్టే అడ్డపుల్లలు 5, ఒక్కోటి 12 సెంటీమీటర్లు. బద్ద వెడల్పు 8 మిల్లీమీటర్లు, మందం 3. మందం పెరిగితే వంగదు, తగ్గితే నక్షత్రానికి పొట్ట నిలవదు. రెండు బద్దలు అదనంగా తెచ్చుకోవాలి, ఒకటైనా విరుగుతుంది. హైదరాబాద్‌లో ఈ సామాను డిసెంబర్‌లో దొరకడం కష్టం కాదు. ధూల్‌పేటలో సంక్రాంతి పతంగుల పని అప్పటికే జోరుగా సాగుతుంటుంది, వెదురూ పతంగి కాగితమూ అక్కడే దొరుకుతాయి. లేదా దగ్గర్లో తడికలల్లే మేదరివాళ్లను అడిగితే కొలతకు చీల్చి ఇస్తారు.

ముందు నేలమీద పాతపేపర్లు అతికించి, మేకుకు దారం కట్టి 31.5 సెంటీమీటర్ల వ్యాసార్థంతో వృత్తం గీయాలి. దాని మీద 37 సెంటీమీటర్ల చొప్పున ఐదుసార్లు అడుగులు వేసుకుంటూ వెళ్తే మొదలుపెట్టిన చోటికే రావాలి. పాప మొదటిసారి వేసినప్పుడు ఒక సెంటీమీటరు దాటిపోయింది. అడుగుకు రెండు మిల్లీమీటర్ల తేడా వస్తే ఐదు అడుగులకు సెంటీమీటరు అవుతుంది. చిన్న తప్పు ఎలా కూడుకుంటూ పోతుందో దానికి మించిన ఉదాహరణ దొరకదు. దారం సాగుతుంది కాబట్టి తేడా వచ్చిందని పాపే కనిపెట్టి, దారం తీసేసి అట్టముక్కతో కొలిచింది.

తర్వాత ప్రతి బద్ద మీద రెండు చివర్ల నుంచి 23 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టాలి, మధ్యలో 14 మిగులుతుంది. బద్దలు ఒకదాన్నొకటి దాటే కూడళ్లు అవే. గుర్తులు పెట్టకుండా కంటి అంచనాతో కడితే కొనలు సమంగా రావు, మధ్య పంచభుజి వంకర పోతుంది. కట్టడానికి నూలుదారమే వాడాలి. రబ్బరుబ్యాండ్లు త్వరగా అయినట్టే ఉంటాయి కానీ వారంలో ఎండి తెగిపోతాయి.

తప్పు ఇక్కడ పడింది. వెనక చట్రంలో నాలుగు కొనలు కట్టాక ఐదోది కలవలేదు. వేలి మందం ఎడం. బాబు లాగి కట్టబోతే ఎదుటి కొన పైకి లేచింది.

"నాయినమ్మా, ఇది కలుస్తలేదు."

"గుంజకు బిడ్డా, ఇరుగుతది. ఇప్పి ఒక్కొక్కటి మల్ల కొలువు."

విప్పి, ఐదు బద్దలూ గోడకు నిలబెట్టి చూస్తే ఒకటి మిగతావాటికన్నా పొట్టిగా ఉంది. 59 సెంటీమీటర్లు. అది బాబు కోసిన బద్ద. టేపు మీద సున్నా దగ్గర కాకుండా 1 అంకె దగ్గర బద్ద చివర ఆనించి, 60 అంకె దగ్గర కోశాడు. ఎనిమిదేళ్ల పిల్లల్లో ఇది చాలా తరచుగా కనిపించే తప్పు. లెక్కపెట్టడం ఒకటితో మొదలవుతుంది కాబట్టి కొలత కూడా అక్కడే మొదలవుతుందని అనుకుంటారు. నోట్‌బుక్కులో గీత గీయించినప్పుడు ఈ తప్పు ఎన్ని నెలలైనా దాగి ఉండగలదు. ఇక్కడ అదనపు బద్ద తీసుకుని తనే మళ్లీ కోసుకున్నాడు. అమ్మ ఏమీ వివరించలేదు, అది మంచి నిర్ణయం. కొన కలవకపోవడం చూశాక వివరణ ఇవ్వబోతే ఆ అనుభవం పలచబడుతుంది.

చట్రం చదునుగా ఉన్నప్పుడే పక్కపక్క కొనల మధ్య దూరం అన్నిచోట్లా 37 ఉందో లేదో చూసుకోవాలి. అడ్డపుల్లలు నిలబెట్టాక బద్దలు వంగి ఆ దూరం దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతుంది, అప్పుడు కొలిస్తే అయోమయమే. పాపతో ఇక్కడ ఒక పని చేయించారు: 60ని 37తో, 37ను 23తో, 23ను 14తో భాగించడం. వచ్చినవి 1.62, 1.61, 1.64. మూడూ ఇంచుమించు ఒకటే ఎందుకయ్యాయి, చివరిది మాత్రం ఎందుకు పక్కకు జరిగింది అన్న ప్రశ్న పాపకు తనంతట తనకే వచ్చింది. అసలు కొలతలు 22.9, 14.2. వాటిని 23, 14 చేశాం కాబట్టి చిన్న సంఖ్య దగ్గర తేడా ఎక్కువగా కనబడింది. స్వర్ణ నిష్పత్తి (ఇక్కడ పదేపదే వచ్చిన, దాదాపు 1.618 అయిన నిష్పత్తి), సంఖ్యలను సవరించి రాయడం, ఈ రెండు పాఠాలూ వెదురుబద్ద మీదే అయిపోయాయి.

రెండు చట్రాల కొనలను కలిపి కట్టి, లోపలి ఐదు కూడళ్ల దగ్గర అడ్డపుల్లలు నిలబెడితే నక్షత్రం ఉబ్బుతుంది. ఇప్పుడు కాగితం. ముందువైపు కొనలకు 5 త్రిభుజాలు, మధ్యన ఒక పంచభుజి. వెనక కూడా అంతే. పక్కల సందులకు 10 త్రిభుజాలు. మొత్తం 22 ముక్కలు. పాప వైశాల్యం లెక్కకట్టింది. కొన త్రిభుజం ఒక్కోటి దాదాపు 155 చదరపు సెంటీమీటర్లు, పంచభుజి 347, పక్క త్రిభుజం 133. మొత్తం సుమారు 3,570. తెచ్చిన కాగితం 50 బై 75, అంటే 3,750. సరిపోతుందని ఒక్క షీటే కత్తిరించడం మొదలుపెట్టింది. పదిహేనో ముక్క దగ్గర కాగితం అయిపోయింది.

బద్ద చుట్టూ మడిచి అతికించడానికి ప్రతి అంచుకూ ఒక సెంటీమీటరు వదలాలి. ఆ ఒక్క సెంటీమీటరుతో 155 ఉన్న త్రిభుజం దాదాపు 220 అవుతుంది. 22 ముక్కలకు కలిపితే 5,000 దాటుతుంది, కత్తిరింపులో పోయేది వేరే. సన్నని ఆకారాలకు అంచు భారం ఎక్కువని, పంచభుజికి ఆ పెరుగుదల ఐదో వంతేనని పోల్చి చూసుకుంది. ఈ సైజు నక్షత్రానికి రెండు షీట్లు కావాలి, రెండు రంగులైతే మూడు.

అతికించడానికి మైదా లై చాలు: గ్లాసు నీళ్లకు రెండు చెంచాల మైదా, ఉండలు లేకుండా కలిపి చిక్కబడేదాకా ఉడికించాలి. పతంగి కాగితానికి ఇది బాగా పడుతుంది. జిలెటిన్ పేపరుకు పట్టదు, రాత్రికి ఊడిపోతుంది. దానికి సెల్లోటేపే దిక్కు. పతంగి కాగితానికి ఉన్న బలహీనత మంచు. డిసెంబర్ తెల్లవారుజామున తడిసి వదులవుతుంది, ఎండకు మళ్లీ బిగుస్తుంది. నాలుగైదు రోజులు ఇలా జరిగితే మడత దగ్గర చిరుగుతుంది. అందుకే బాల్కనీ చూరు కిందే కట్టాలి, డాబా మీద కాదు. వెనక పంచభుజిని మూడు అంచులే అతికించి తలుపులా వదలాలి, బల్బు మార్చడానికి.

వేలాడదీసేటప్పుడు బరువును నైలాన్ తాడు మోయాలి. కరెంటు వైరుకు ఎప్పుడూ వదులుగా ఒక జానెడు ఉండాలి. పైకొనతో పాటు పక్క కొనను కూడా గ్రిల్లుకు కట్టకపోతే గాలికి గిరగిర తిరిగి వైరు మెలిపడుతుంది.

దీపాలు

నక్షత్రంలోకి నాన్న పాత 60 వాట్ల బల్బు పెట్టబోతే పాపతో లెక్క వేయించారు. డిసెంబర్ 1 నుంచి జనవరి 6 వరకు 37 రాత్రులు, రాత్రికి 6 గంటలు. 60 వాట్లయితే 13.32 యూనిట్లు. 5 వాట్ల ఎల్ఈడీ అయితే 1.11. కరెంటు ఆదా సరే, అసలు కారణం వేడి. ఫిలమెంటు బల్బు కాగితానికి, వెదురుకు ఆనుకుంటే కమిలిపోతుంది, అంటుకోవచ్చు కూడా. ఎల్ఈడీయే పెట్టారు. హోల్డరు, వైరు, ప్లగ్గు బిగించింది నాన్న. 230 వోల్టుల పని పిల్లలది కాదు, ఇందులో సడలింపు లేదు.

అటక మీంచి దింపిన సీరియల్ సెట్టులో మూడో వంతు వెలగలేదు. పిల్లలు అడిగిన ప్రశ్న మంచిది: ఒక్కటి పోతే అన్నీ పోవాలి కదా, కొన్నే ఎందుకు పోయాయి? ఒక్క ఎల్ఈడీకి కావాల్సింది రెండు మూడు వోల్టులే. అందుకని వాటిని వరసగా గుచ్చి కొన్ని గుంపులు చేస్తారు. గుంపులో ఒకటి తెగితే ఆ గుంపంతా ఆరిపోతుంది, మిగతావి వెలుగుతాయి. ఈ సెట్టును విప్పనివ్వలేదు. దాని బదులు కోఠి గుజరాతీ గల్లీ నుంచి ఎర్ర ఎల్ఈడీలు, 100 ఓమ్‌ల రెసిస్టర్లు తెచ్చి రెండు పెన్సిల్ సెల్స్‌తో బల్లమీద చేయించారు. ఒక ఎల్ఈడీ, ఒక రెసిస్టరు: వెలిగింది. రెండు ఎల్ఈడీలు వరసగా: వెలగలేదు. ఒక్కోదానికి 2 వోల్టుల చొప్పున 4 కావాలి, ఉన్నవి 3. రెండూ పక్కపక్కన, దేని రెసిస్టరు దానికే పెట్టి కలిపితే రెండూ వెలిగాయి. బాబు కాసేపు సెల్ తిరగేసి పెట్టి, ఏదీ వెలగడంలేదని కంగారుపడ్డాడు. ఎల్ఈడీకి పొడుగు కాలు ప్లస్ వైపే ఉండాలని ఆ కంగారులోనే తేలింది.

పాకలోకి, క్రిస్మస్ చెట్టుకు పిల్లలు చుట్టింది 5 వోల్టుల రాగితీగ లైట్లు మాత్రమే.

పశువుల పాక

క్రైస్తవ సన్యాసి అసిసీ ఫ్రాన్సిస్ 1223లో ఇటలీలోని గ్రెచ్చోలో పశువుల పాక దృశ్యం ఏర్పాటు చేశాడు. ఇళ్లలో పాక కట్టే ఆనవాయితీకి దాన్నే మొదలుగా చెబుతారు. ఈ ఇంట్లో బొమ్మల సెట్టు పాతది, యోసేపు బొమ్మ ఎత్తు 15 సెంటీమీటర్లు. మనిషిని 165 అనుకుంటే స్కేలు 11కు 1. ఆ లెక్కన ఆవు 12 ఉండాలి, ద్వారం 18. సెట్టులో గొర్రె 11 ఉంది, దాదాపు ఆవంత! గొర్రెను మార్చాలా వద్దా అని పిల్లలు చర్చించి, వెనక్కు జరిపితే చిన్నగా కనిపిస్తుందని బాబు చెప్పిన ఉపాయం అమలు చేశారు. గోడలు అట్టపెట్టెతో, పైకప్పు వరిగడ్డితో. గడ్డి ఉన్నచోట కొవ్వొత్తి వద్దు. ఆగమన కాలపు నాలుగు కొవ్వొత్తులను ఇసుక పళ్లెంలో, పాకకు దూరంగా బల్లమీద పెట్టారు.

పాకచుట్టూ పచ్చగడ్డికి గోధుమలు. 12 గంటలు నానబెట్టి, రెండు సెంటీమీటర్ల మట్టి మీద ఒకదానిమీద ఒకటి పడకుండా పరిచి, రెండు రోజులు తడిగుడ్డ కప్పాలి. ఎప్పుడు చల్లాలన్నదే ప్రశ్న. మూడు పళ్లేలు, మూడు తేదీలు: 10, 14, 18. బాబు రోజూ పొద్దున కొలిచి గ్రాఫు గీశాడు, ఈసారి స్కేలు సున్నా నుంచి. 24 సాయంత్రానికి మొదటి పళ్లెం 16 సెంటీమీటర్లు పెరిగి వాలిపోయింది. రెండోది 10, నిటారుగా. మూడోది 4. పాక పక్కకు వెళ్లింది రెండో పళ్లెం. మొదటి పళ్లెంలో ఒక మూల తెల్లటి బూజు వచ్చింది, నీళ్లు నిలవడం వల్ల. పళ్లేనికి కింద చిల్లులుండాలి, లేకపోతే నీళ్లు పోయకుండా తుంపర కొట్టాలి. పెళ్లిళ్లలో పాలికలు మొలకెత్తించే పద్ధతి నాయనమ్మకు తెలుసు. గుడ్డ ఎప్పుడు తీయాలో ఆమెనే అడిగారు, పుస్తకాన్ని కాదు.

గులాబీ పువ్వులు, క్యారల్స్, జమాఖర్చు

పిండివంటల్లో పాఠానికి పనికొచ్చింది గులాబీ పువ్వులే. పావుకిలో మైదా, 100 గ్రాముల బియ్యప్పిండి, 125 గ్రాముల చక్కెరపొడి, ఒక గుడ్డు, 350 మిల్లీలీటర్ల దాకా కొబ్బరిపాలు. పిండి దోసెపిండికన్నా కాస్త పల్చగా ఉండాలి. అచ్చును ముందు నూనెలోనే కాగనిచ్చి, పిండిలో ముప్పావు వంతే ముంచాలి. పూర్తిగా ముంచితే పిండి పైఅంచును కప్పేసి పువ్వు వదలదు. అచ్చు చల్లగా ఉంటే పిండి అంటదు, మరీ కాగితే పిండిగిన్నెలోనే ఉడికి జారిపోతుంది. నూనె దగ్గర నాయనమ్మ, తూకం దగ్గర పిల్లలు.

క్యారల్స్ బృందం వచ్చే రాత్రికి 30 మందికి టీ. కప్పుకు 100 మిల్లీలీటర్లంటే 3 లీటర్లు, అందులో 2 లీటర్లు పాలు. చక్కెర 300 గ్రాములు. మరుగుతుంటే ఆవిరైపోయేది పాప లెక్కలో లేదు, చివరి ముగ్గురికి సగం కప్పులే అందాయి. అది ఖాతాపుస్తకంలో రాసుకుంది.

ఖాతాకు 2,000 రూపాయల హద్దు. పుస్తకంలో అందరినీ ఆశ్చర్యపరిచిన పద్దు ఆటో కిరాయి. బేగంబజార్‌కు ఒకసారి వెళ్లి, మరిచిపోయిన నూలుదారం, అట్ట కోసం రెండోసారి వెళ్లారు. ఆ రెండో ప్రయాణం ఖర్చు తెచ్చిన సామాను విలువకన్నా ఎక్కువ. తర్వాతి వారం నుంచి పాప జాబితా రాసి, ముందు గల్లీ చివర కిరాణాలో అడిగి, లేనివాటికే బయలుదేరింది.

మెదక్

14వ తేదీ శనివారం మెదక్ కేథడ్రల్‌కు వెళ్లొచ్చారు, హైదరాబాద్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠించిన ఆ గుడికి ఆ నెలతో నూరేళ్లు. కరువు రోజుల్లో ఆకలితో ఉన్నవాళ్లకు పని, తిండి కల్పిస్తూ బ్రిటిష్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ కట్టించిన గుడి అది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గోపురం 175. ఇంటికొచ్చి గ్రాఫు కాగితం మీద 10 అడుగులకు ఒక సెంటీమీటరు చొప్పున గీశారు. పాకకు వాడిన స్కేలుతో కడితే గోపురం ఇంట్లో పడుతుందా అని బాబు అడిగాడు. 175ను 11తో భాగిస్తే దాదాపు 16 అడుగులు. పట్టదు.

ఏం కుదిరింది, ఏం కుదరలేదు

కొలత, నిష్పత్తి, సర్క్యూటు బాగా పడ్డాయి. జనవరి 7న పూర్తి పాఠాలు మొదలుపెడితే రెండు రోజుల్లో గాడిలో పడ్డారు, కారణం పొద్దుటి గంటన్నర ఎప్పుడూ ఆగకపోవడమే. తెలుగు రాయడం మాత్రం కుంటుపడింది. రోజూ డైరీ అనుకున్నది వారానికి రెండు రోజులకు దిగింది, చేతిపని తర్వాత పిల్లలకు రాసే ఓపిక ఉండదు. వచ్చే ఏడాది రాతపనిని పొద్దుటి వేళలోకి మార్చి, డైరీ బదులు బంధువులకు ఆహ్వాన ఉత్తరాలు రాయించాలి, చేరాల్సిన చోటు ఉన్న రాత అయితే పిల్లలు శ్రద్ధగా రాస్తారు. 25 కొనల మొరావియన్ నక్షత్రం పాప అప్పుడే అడుగుతోంది. దానికి అక్టోబర్‌లోనే కాగితం కొనలు మడవడం మొదలుపెట్టాలి, వారానికి మూడు చొప్పున.

జనవరి 6 తర్వాత నక్షత్రాన్ని విప్పే పద్ధతి: ముందు ప్లగ్గు తీసి బల్బు, హోల్డరు బయటికి తీయాలి. కాగితం చింపేసి, అడ్డపుల్లలు ఐదూ లాగేస్తే చట్రం చదునవుతుంది, మంచం కింద పడుతుంది. పుల్లలను కట్టగా చట్రానికే కట్టి, దానికి చీటీ తగిలించాలి: బద్ద 60, పుల్ల 12, కాగితం 2 షీట్లు, అంచు 1. ఈ ఇంట్లో ఆ చీటీ బాబు రాశాడు. మిగిలిన పతంగి కాగితం, ఒక బద్ద సంక్రాంతి పతంగికి పక్కన పెట్టుకున్నాడు.